నౌపడాలో ఆగని బండి

లిలువా ఆంధ్రా యూనియన్ క్లబ్బులో ఆటగాణ్ణి అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలవరు. స్టేషను పేరుతో పిలుస్తారు.

గోలు కాసేవాడు ఇచ్ఛాపురం. ఆంధ్ర గుమ్మం అదే కాబట్టి కాపలావాడు అక్కడే ఉండాలి. అతని ముందు సోంపేట, మందస. వాళ్ళ ముందు ముగ్గురు, పలాస, నౌపడా, కోటబొమ్మాళి. ఆపైన దాడికి పోయే వరస తిలారు, ఆమదాలవలస, పొందూరు, చీపురుపల్లి, విజయనగరం. బంతి ఇచ్ఛాపురంలో బయల్దేరి ఒక్కో స్టేషనూ దాటుకుంటూ విజయనగరం చేరిందంటే గోలు పడ్డట్టే. గట్టు మీద కూర్చున్న ముసలివాళ్ళు ఆట చూస్తూ ఇంటికి వెళ్ళొచ్చేవారు. టిక్కెట్టు అక్కర్లేదు, సెలవు అక్కర్లేదు.

కలకత్తాలో క్లబ్బంటే ఒక నేల. పద్మా నది అవతలనుంచి వచ్చినవాళ్ళకి ఈస్ట్ బెంగాల్ ఉంది. అది గెలిస్తే ఇలిశ చేప కొంటారు. ఇక్కడి పాత కాపులకి మోహన్ బగాన్ ఉంది. అది గెలిస్తే రొయ్యలు కొంటారు. లిలువా రైల్వే వర్కుషాపులో చక్రాలు బిగించే తెలుగువాళ్ళు ఏ చేప కొన్నా ఎవరూ పట్టించుకునేవారు కారు. తెల్లదొరల కాలంలో ఆ ఫిట్టర్లే పదకొండు మంది కూడి జట్టు కట్టారు. ఫలానా హాఫు, ఫలానా వింగు అనే మాటలు వాళ్ళకి నోరు తిరగలేదు. దార్లో తెలిసిన పేర్లు స్టేషన్లవే. అవే పెట్టుకున్నారు. నడిమధ్య నిలబడేవాడికి నౌపడా అని పెట్టడానికి కారణం ఉంది. గుణుపురం లైను చీలేది అక్కడే. జంక్షను. మధ్యవాడు బంతిని అటూ ఇటూ పంచాలి.

ఇంకొక సంగతి కూడా ఉంది. బయటివాళ్ళు నమ్మరు, లిలువాలో ఎవరూ దాన్ని వింత అనుకోరు. పేరు పడ్డవాడికి ఆ ఊరు కలలోకి వస్తుంది. పలాసగా ఆడే మణిపురీ కుర్రవాడు జీడితోటల్లో తిరిగొచ్చి, పొద్దున్నే వేళ్ళు వాసన చూసుకుంటాడు. విజయనగరంగా ఆడే ఘనా దేశస్థుడు కోట గోడ పక్కన ఎవరో ముసలమ్మ తనని పేరు పెట్టి పిలిచిందని చెబుతాడు. పొందూరుకి రాట్నం చప్పుడు వినిపిస్తుంది. క్లబ్బు వదిలి వెళ్ళినవాడికి ఆ కల ఆగిపోతుంది. అది పేరు పెట్టినవాడి దగ్గరికి తిరిగివచ్చి, ఇంకొకరికి పేరు పెట్టేదాకా అక్కడే ఉంటుంది.

పేర్లు పెట్టేవాడు ప్రేమానందం. వర్కుషాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు తనే నౌపడా. చదివింది పల్లె బడిలో. మాట తక్కువ, మన్నింపు అంతకంటే తక్కువ. భార్య అచ్చమ్మ పోయి ఏడేళ్ళయింది. సరిగ్గా ఆ ఏడాదినుంచే క్లబ్బులో నౌపడా లేదు. మధ్యలో ఎవరో ఒకరు ఆడుతూనే ఉన్నారు. పేరు మాత్రం లేదు.

ఆ పేరు మీద చివర ఆడినవాడు ఎడ్విన్, ప్రేమానందం ఒక్కగానొక్క కొడుకు. క్లబ్బులో చివరి తెలుగు ఆటగాడు కూడా వాడే. మంచి సీజను మధ్యలో, తండ్రికి చెప్పకుండా, కలకత్తా మైదాన్ వైపున్న పెద్ద క్లబ్బులో సంతకం పెట్టి వచ్చాడు. ప్రేమానందం వాడి గిన్నె, పక్కబట్టలు గుమ్మం బయట పెట్టాడు. వాణ్ణి పిలవమని అచ్చమ్మ ఒక్కసారి అడిగింది. మళ్ళీ అడగలేదు. చలికాలం వచ్చేసరికి పోయింది. ఎడ్విన్ ఆ పెద్ద క్లబ్బులో రెండేళ్ళు బెంచీ మీద కూర్చుని, మోకాలు పాడుచేసుకుని, ఇప్పుడు వాట్‌గంజ్‌లో ఉంటూ రేవులో పని చేస్తున్నాడు. ప్రేమానందం ఆ వైపు బస్సు కూడా ఎక్కడు.

"వాడు మైలపరిచీసిన పేరు. నేను ఇంకొకడికి తగిలించను," అనేది ఆయన చెప్పిన కారణం. అందరూ నమ్మారు. అది అబద్ధం.

*

ఆషాఢంలో ఒక సాయంత్రం క్లబ్బు వరండాలో ఆయన కుర్చీ ముందుకి సాయి తేజ వచ్చి నిలబడ్డాడు. వరంగల్ పిల్లవాడు. సాల్ట్ లేక్‌లో ఒక కంపెనీ మూడేళ్ళ కిందట క్లబ్బును తీసుకుని ఆటగాళ్ళకి నెల జీతాలు పెట్టింది. ఆ కంపెనీ తరఫున ఇక్కడి వ్యవహారాలు చూసేది ఇతనే. చేతిలో పసుపు జెర్సీ ఉంది. వీపు మీద ఆమదాలవలస అని తెలుగు అక్షరాలు.

"ఎట్లున్నది పెద్దాయనా? మంచిగున్నదా?"

"వీపు చాల్లేదురా బాబూ. చివరక్షరం చంకలోకి పోనాది."

గేటు దగ్గర పకోడీల పొయ్యి పెట్టుకున్న పున్నమ్మ కిసుక్కున నవ్వింది. అచ్చమ్మకి పినతండ్రి కూతురామె. ప్రేమానందాన్ని బావా అంటుంది. ఆయన్ని చూసి భయపడని మనిషి లిలువాలో ఆమె ఒక్కతే.

"అన్నీ అయినయి. పదిమందివీ. ఒక్కటే ఖాళీ," అన్నాడు సాయి తేజ. "వచ్చే ఆదివారం పెద్ద క్లబ్బు మన గ్రౌండుకొస్తున్నది. టీవీ వాళ్ళు కూడా వస్తరు. నడుమ ప్లేయర్ వీపు మీద ఏం రాయాలె?"

"ఏటీ రాయకు."

"పదిమందికి ఊర్లుండి ఒక్కడికి లేకుంటే మా సారు ఊకోడు. పెడితే అందరికీ పెట్టు, లేకుంటే ఎవ్వరికీ వద్దు, సొంత పేర్లే రాయమన్నడు."

"రాసుకోండి. ఇంకేటి మిగిలిందని? ఒక్క తెలుగోడు లేడు ఆటలో."

"గది నేననాలె," అన్నాడు సాయి తేజ నవ్వుతూ. "ఆంధ్రా యూనియన్ అంటరు. బోర్డు మీద మా వరంగల్ ఏడుంది?"

"మా తాతలెక్కిన బండి మీ ఊరిమీదుగా ఎల్లలేదు."

"మరి ఈ మణిపురోళ్ళ మీదుగ పోయిందా?"

పొయ్యి దగ్గర్నుంచి పున్నమ్మ చెప్పింది. "పోలేదు బాబూ. ఆ కుర్ర గుంటలే మా ఊరు ఎల్లి వొస్తన్నారు. మా మనవలకి పలాస ఎటువైపుందో తెల్దు. ఆ మణిపురోడికి తెలుసు. తెలుగోడెవుడో నువ్వే చెప్పు." జల్లెడ గరిట నూనెలో దులిపి, ఆయనకేసి చూడకుండానే అంది, "బావకి తప్ప అందరికీ తెలుసు."

ఆయన కర్ర తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

*

ఆయన భోంచేసి మధ్యాహ్నం నడుం వాల్చేవాడు. వర్కుషాపు సైరను వినిపించే వేళ. కన్ను మూతపడగానే నౌపడా వచ్చేది.

తెల్లటి ఉప్పు కుప్పలు. గాలి లేదు. ఎండ ఉంటుంది, సూర్యుడు ఎక్కడా కనిపించడు. మడుల్లో నీళ్ళు కదలకుండా ఆకాశాన్ని పట్టుకుని ఉంటాయి. స్టేషను చిన్నది, ఒక రేకుల చూరు, ఒక సిమెంటు బెంచీ. ప్లాట్‌ఫారం చివర అచ్చమ్మ నిలబడి ఉంటుంది. పెళ్ళయి మొదటిసారి హౌరాలో దిగినప్పుడు కట్టుకున్న వంగపండు రంగు చీర. నడుం మీద వెదురు బుట్ట. బుట్టలో ఉప్పు. నౌపడా ఆమె పుట్టిన ఊరు. ఆమె తండ్రి ఆ మడుల్లోనే పని చేశాడు.

ఆయన ఆమె వెనక నిలబడతాడు. పిలుస్తాడు. గొంతు వస్తుంది, ఆమె తిరగదు. పట్టాలు సన్నగా పాడటం మొదలెడతాయి. దూరంగా బండి కనిపిస్తుంది. అచ్చమ్మ బుట్ట సర్దుకుని ఒక అడుగు ముందుకేస్తుంది. బండి రొద లేకుండా, నీళ్ళలో పడవలాగా వచ్చి, ఆగకుండా వెళ్ళిపోతుంది. ఆమె చీర చెంగు లేచి మళ్ళీ వాలుతుంది. ఆమె ఆ అడుగు వెనక్కి వేస్తుంది. అంతే.

ఏడేళ్ళుగా అదే. ఆమె వీపు. కొప్పులోంచి జారిన ఒక వెంట్రుక పాయ. తనమీద కోపంతోనే తిరగడం లేదని ఆయనకి గట్టి నమ్మకం. కొడుకుని పిలవలేదని కోపం. అలాగే ఉండనీ అనుకున్నాడు. కోపంగానైనా ఉంది కదా. పేరు ఇంకొకడి చెవిన పడితే ఆ వీపు కూడా ఉండదు. ఎవడో దారినపోయేవాడి కోసం అచ్చమ్మని ఎందుకిస్తాడు?

ఏడేళ్ళుగా మధ్యలో ఆడేవాళ్ళు మారుతూ వచ్చారు. ఎవరూ అడగలేదు. ఈ ఏడు వచ్చినవాడు అడిగాడు.

*

అతని పేరు బుధన్ ముర్ము. ఝాడ్‌గ్రామ్ అవతలి సంతాల్ పల్లెనుంచి వచ్చాడు. పొట్టిగా, గట్టిగా, చింతమొద్దులా ఉంటాడు. బంతిని కాలికి అంటించుకుని నడవగలడు. ఆ బుధవారం ఆటలో అతనికి మైదానం నడిబొడ్డున బంతి దొరికింది. అంతకుముందు వరకూ గట్టు మీద ఒకటే కేకలు. "సోంపేటా, ఇయ్యి! మందసా, నీదే! పలాసా, తిరుగు!" బంతి బుధన్ దగ్గరికి చేరగానే కేకలు ఆగిపోయాయి. ఏమని అరుస్తారు? నడిమధ్య ఒక గుంటలో పడ్డట్టు నిశ్శబ్దం. బుధన్ తలెత్తి గట్టుకేసి చూశాడు. ఆ చూపు చాలింది. ఎదుటివాడు బంతి తన్నుకుపోయి గోలు కొట్టాడు.

సాయంత్రం బుధన్ ప్రేమానందం ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గడప ఇవతల కూర్చున్నాడు. బెంగాలీలోనే మాట్లాడాడు, మధ్యమధ్య క్లబ్బులో నేర్చుకున్న తెలుగు ముక్కలు.

"కాకా, నేను వేరే క్లబ్బుకి పోతున్నాను. ఆదివారం ఆట తర్వాత. చెప్పి వెళ్దామని వచ్చాను."

"ఎల్లు. నన్నడగాలేటి?"

"పొద్దున్నే మెస్సులో అందరూ కూర్చుంటారు. తిలారు తాటిముంజెలు తిన్నానంటాడు. చీపురుపల్లికి ఎవరో పెళ్ళిలో భోజనం పెట్టారట, మూడు రోజుల్నుంచి అదే చెబుతున్నాడు. నేను పళ్ళెం కడుక్కుంటాను." గడప మీద గోటితో గీశాడు. "నాకు మా ఊరు కూడా కలలోకి రాదు కాకా. ఈ బట్టలు తొడుక్కున్న రోజునుంచి రావడం మానేసింది. మీ ఊరు రాదు. ఇటుకలాగా పడుకుంటాను."

"కల లేకపోతే సచ్చిపోతావేటి?"

"చావను. కానీ బంతి వచ్చినప్పుడు నేనెక్కడున్నానో నాకు తెలియదు."

ప్రేమానందం లోపలికి వెళ్ళి దీపం వేశాడు. తిరిగొచ్చేసరికి బుధన్ అలాగే ఉన్నాడు.

"నా కొడుకు ఆ పేరు పాడు చేసినాడు," అన్నాడు ప్రేమానందం.

"మీ కొడుకు పోతే ఊరేం చేసింది?"

చాలాకాలంగా ఎవరూ ఆయన ముఖం మీద అలా అనలేదు. కర్ర ఎత్తుతాడనుకున్నాడు బుధన్. ఆయన ఎత్తలేదు. తలుపు మాత్రం వేసేశాడు.

*

మర్నాడు మధ్యాహ్నం కల వచ్చింది. ఆయన కోపంగానే వెళ్ళాడు అందులోకి.

అన్నీ అలాగే ఉన్నాయి. ఉప్పు, నీళ్ళు, వీపు. పట్టాలు పాడాయి. బండి వచ్చింది. ఈసారి ఆయన అచ్చమ్మని కాకుండా బండిని చూశాడు. కిటికీల దగ్గర మనుషులున్నారు. ఇచ్ఛాపురం ఉన్నాడు. సోంపేట, మందస ఉన్నారు. ఎప్పుడో చచ్చిపోయిన పాత ఫిట్టర్లు, ఆయన చిన్నప్పుడు గట్టు మీదనుంచి చూసిన ఆటగాళ్ళు, అందరూ పసుపు చొక్కాల్లో కిటికీ ఊచలు పట్టుకుని తలలు బయటపెట్టి దేనికోసమో వెతుకుతున్నారు. ఇది ఏ ఊరని పక్కవాణ్ణి అడుగుతున్నారు. తెలియదని తలలూపుకుంటున్నారు. ఇంజను కాస్త నెమ్మదించి, మళ్ళీ వేగం పట్టి వెళ్ళిపోయింది.

ప్రేమానందం తల తిప్పి ప్లాట్‌ఫారం బోర్డుకేసి చూశాడు. పసుపు బోర్డు. దానిమీద ఒక్క అక్షరం లేదు.

ఇన్నేళ్ళూ అక్కడే ఉంది. ఆయన వీపు చూస్తూ బోర్డు చూడలేదు.

అచ్చమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. మెడ చాచి బండి వచ్చే వైపు మళ్ళీ చూసింది. అప్పుడు అర్థమైంది. ఆమెది కోపం కాదు. ఆమెకి ఆయన ధ్యాసే లేదు. బండికోసం చూస్తోంది. పేరు లేని స్టేషనులో ఏ డ్రైవరూ ఆపడు.

లేచాక ఆయనకి ఒళ్ళు మండింది. ఎవరిమీదో తెలియలేదు. కోపమనుకుని ఏడేళ్ళు బతికాడు. అదైనా తనది అనుకున్నాడు. ఆ పూట తర్వాత మధ్యాహ్నం పడుకోవడం మానేశాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని, కునుకు వస్తే ముఖం కడుక్కున్నాడు. పడుకోకపోయినా ఆమె అక్కడ నిలబడే ఉంటుందని తెలుసు. బుట్ట బరువు. ఉప్పు నీరోడుతుంది, నడుం ఒరుసుకుపోతుంది. ఆ సంగతి బతికున్నప్పుడు అచ్చమ్మే చెప్పింది.

శనివారం పొద్దున్న పున్నమ్మతో అన్నాడు. "ఆ సంతాలోణ్ణి హౌరా రమ్మని చెప్పు. బండి ఏళకి."

పున్నమ్మ చేతిలో శనగపిండి గిన్నె అలాగే ఆగింది. "ఏటి బావా, నిజిమేనా?"

"బేగి చెప్పు. మళ్ళీ మనసు మారిపోగలదు."

*

క్లబ్బులో పేరు పెట్టే పద్ధతి ఒకటుంది. హౌరా స్టేషనులో, దక్షిణాదికి పోయే బండి కదిలేటప్పుడు పెట్టాలి. ఆటగాడు బండివైపు తిరిగి నిలబడతాడు. పెట్టేవాడు వెనకనుంచి చెవిలో పేరు చెబుతాడు. ఆ రొదలో ఇంకెవరికీ వినిపించకూడదు. గార్డు పెట్టె దాటిపోయేలోగా చెప్పకపోతే పేరు పడదు. ఆ ఏటికి ఇక అంతే.

బుధన్ గుండీలన్నీ పెట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చాడు. సాయి తేజ కూడా ఫోను చేతపట్టుకుని వెంట వచ్చాడు. "ఇది వీడియో తీయొచ్చా పెద్దాయనా?"

"తియ్యి. నా నోరు కనబడితే ఆ ఫోను గంగలో ఉంటాది."

సాయి తేజ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ప్లాట్‌ఫారం నిండా మూటలు, ట్రంకులు, విశాఖ వెళ్ళే ఆడవాళ్ళు, నీళ్ళ సీసాలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. కూత వేసి బండి కదిలింది. ప్రేమానందం బుధన్ భుజం మీద చెయ్యి వేసి చెవి దగ్గరికి వంగాడు. నూనె వాసన. నోరు రాలేదు.

పెట్టెలు దాటుతున్నాయి. ఒక కిటికీలో ఎవరో అన్నం పొట్లం విప్పుతున్నారు. ఇంకో కిటికీలో ఒకామె చెంపకి చెయ్యి ఆనించుకుని ఎటో చూస్తోంది. ఇప్పుడు చెబితే ఈ మధ్యాహ్నం ఏమీ ఉండదు, రేపు ఏమీ ఉండదు. ఆమె పీట వేసిన చోటు ఇంట్లో ఖాళీగా ఉంది, చర్చిలో ఆమె కూర్చునే బల్ల మీద వేరేవాళ్ళు కూర్చుంటున్నారు. ఆ వీపు ఒక్కటే ఎవరూ తీసుకోనిది. బుధన్ కదలకుండా నిలబడ్డాడు. దూరాన గార్డు పచ్చజెండా ఊపుతూ దగ్గరవుతున్నాడు.

గార్డు పెట్టె వాళ్ళ ఎదుటికి వచ్చింది.

"నౌపడా," అన్నాడు ప్రేమానందం.

బండి వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం ఒక్కసారిగా వెడల్పయినట్టయింది. బుధన్ వెనక్కి తిరిగి ఆయన కాళ్ళకి దండం పెట్టబోతే, "మా మతంలో ఇవి లేవు, లే," అని కసిరాడు.

"పేరు పడ్డాదా బావా?" అని పున్నమ్మ సాయంత్రం అడిగింది. ఆయన వినిపించుకోనట్టు వెళ్ళిపోయాడు.

*

ఆదివారం గట్టు మీద జనం పట్టలేదు. పెద్ద క్లబ్బు జనం లారీల మీద జెండాలతో వచ్చారు. లిలువా వాళ్ళు కొత్త చొక్కాలు, పాత గొంతులు పట్టుకుని వచ్చారు. మబ్బు కిందికి దిగి ఉంది. ఆట మొదలైంది. ఇచ్ఛాపురం బంతి విసిరాడు. మందస తీసుకున్నాడు. "మందసా, పలాసకియ్యి! పలాసా, ముందు చూడు!" పలాస బంతిని నడిమధ్యకి తోశాడు. బుధన్ కాలికి చేరింది. వీపు మీద అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

గట్టు నోరు తెరిచి ఆగిపోయింది. అలవాటు తప్పిన పేరు. ఎవరు ముందు అనాలో ఎవరికీ తెలియలేదు. ప్రేమానందం తనే అనాలనుకున్నాడు. కర్ర ఊతంగా లేచాడు.

ఆయనకి వెనక, గోడ వారనుంచి ఒక కేక లేచింది.

"నౌపడా! రెండు లైన్లూ ఖాళీ!"

ఆ గొంతు ఆయనకి తెలుసు. మాటలు రాకముందునుంచీ తెలుసు. గట్టంతా ఆ కేక అందుకుంది. "నౌపడా! నౌపడా!" బుధన్ తల ఎత్తలేదు. ఎక్కడున్నాడో అతనికి తెలిసినట్టే ఉంది. కుడివైపు చూసి ఎడమవైపు బంతి పంపాడు. తిలారు పరిగెత్తాడు. మబ్బుకింద పసుపు చొక్కాలు ఒకదానివెనక ఒకటి, పొలాల మధ్య పోయే బండి పెట్టెల్లా కదిలాయి. కాసేపు అది మైదానం కాదు, ఎవరూ లిలువాలో లేరు. పొద్దున్నే ఒక స్టేషనులో టీ తాగి ఇంకో స్టేషనులో ముఖం కడుక్కుంటున్నట్టుంది జనానికి.

"బావా, ఎడ్విన్ వొచ్చినాడు. ఆడి పెళ్ళాం కెరోలిన్ కూడా ఉన్నాది," అంది పున్నమ్మ చెవిలో.

"ఆట చూడు."

"ఒక్కసారి తిరిగి చూడలేవా?"

"చూడలేను."

నిజంగానే చూడలేదు. ఆట అయ్యాక జనం గేటువైపు కదులుతుంటే, గోడ వార ఒక మనిషి కాలు ఈడుస్తూ వెళ్ళడం కంటి చివర కనిపించింది. మోకాలు ఇంకా నయం కాలేదన్నమాట. పిలవలేదు. కేక ఒకటి సరిగ్గా వేసినంత మాత్రాన, చేసింది చెరిగిపోదు.

ఆ ఆట ఓడిపోయారు. ఒక్క గోలు తేడా. కానీ లిలువా జనం మెట్లు దిగుతూ గెలిచినవాళ్ళలాగా గట్టిగా మాట్లాడుకున్నారు. సాయి తేజ గొంతు పోగొట్టుకుని, "మా సారు పేర్లు ఉండనీ అన్నడు," అని గుసగుసగా చెప్పాడు. పున్నమ్మ వాడి చేతిలో వేడి పకోడీల పొట్లం పెట్టి, "డబ్బులొద్దు, మీ వరంగల్లు కూడా మా బండిలో ఎక్కించీసుకుంటాం," అంది.

ప్రేమానందం ఇంటికి వెళ్ళి, అన్నం తినకుండా మంచం ఎక్కాడు. కునుకు పట్టింది. సున్నం వేసిన గోడలాంటి నిద్ర. అందులో ఏమీ లేదు.

*

పేరు పడ్డవాడు తన మొదటి కలని పేరు పెట్టినవాడికి చెప్పాలి. అది క్లబ్బు ఆచారం. పెట్టినవాడు వినాలి. పలాసని, పొందూరుని, అందరినీ ప్రేమానందం ఇలా వరండాలో కూర్చోబెట్టి విన్నవాడే. తప్పించుకునే దారి లేదు.

సోమవారం పొద్దున్నే బుధన్ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. ముఖం అప్పుడే కడిగినట్టుంది. వేరే క్లబ్బు మాట ఎత్తలేదు.

"రాత్రి వచ్చింది కాకా. తెల్లగా ఉంది. పిండి అనుకున్నాను. నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు."

"ఊఁ."

"చిన్న స్టేషను. బోర్డు మీద ఏదో రాసుంది, నాకు చదవరాదు. ఒకావిడ నిలబడి ఉంది. బుట్ట పట్టుకుని."

ప్రేమానందం ముందుకి వంగాడు. "ఏటి చేసింది?"

"తిరిగి చూసింది. 'చెప్పులేవి బాబూ, ఉప్పు కొరికేస్తాది కాళ్ళు' అంది. మీ భాషే. నాకన్నీ అర్థమయ్యాయి. తిట్టినట్టు కూడా అంది, నవ్వినట్టు కూడా అంది."

తిరిగి చూసిందట. మొదటి రోజునే. గేటు దగ్గర పున్నమ్మ పొయ్యి రాజేస్తోంది. పొగ మైదానం మీదికి పాకి గోలుకర్రల దగ్గర ఆగింది.

"తర్వాత?"

"బండి వచ్చింది. ఆగింది. లోపల అందరూ మనవాళ్ళే, చేతులు చాపి బుట్ట అందుకున్నారు. ఆవిడ ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. బండి కదిలాక నాకు చెయ్యూపింది."

"నీకా?"

"అక్కడ ఇంకెవరూ లేరు కాకా."

ఏడేళ్ళు తను నిలబడ్డ చోటే ఇతనూ నిలబడ్డాడు. ప్రేమానందం అడగకూడదనుకున్నాడు. అడిగాడు.

"సముద్రం కనపడ్డాదా?"

"దూరంగా. మెరుస్తూ."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో. బండి పోయే వైపు ముఖం పెట్టి నిలబడితే, సముద్రం నీకు ఏ చేతివైపు?"

హౌరాకి వచ్చే బండికి సముద్రం కుడివైపు ఉంటుంది. హౌరానుంచి దక్షిణానికి పోయే బండికి ఎడమవైపు. ఆ లైనులో వచ్చిన ప్రతివాడికీ తెలుసు. బుధన్‌కి తెలియదు. ఆ ప్రశ్న ఎందుకో కూడా తెలియదు. అతను లేచి, మైదానంలో నిలబడ్డట్టే నిలబడి, కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఎడమ చెయ్యి ఎత్తాడు.

"ఇటు."

ప్రేమానందం తల ఊపాడు. దక్షిణం వైపే. లిలువాకి కాదు, లిలువాలో ఉన్న ఎవరి దగ్గరికీ కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇక్కడ వండి పెట్టి, బండి ఆగగానే అటు ఎక్కింది. ఆమె అంతే. అడిగి ఉంటే చెప్పేదేమో.

"ఆవిడెవరు కాకా? మీకు తెలుసా?"

"ఆ ఊరి మనిషి," అన్నాడు ప్రేమానందం. "మళ్ళీ కనబడదు. నువ్వు చెప్పులేసుకుని ఎల్లు."